ఆపరేషన్ హైదరాబాద్‌లో, తర్వాతి బతుకు ఆళ్లగడ్డలో

బరువు తగ్గే ఆపరేషన్‌కు థియేటర్‌లో పట్టేది రెండు గంటలకు అటూ ఇటూ. ఆసుపత్రిలో ఉండేది రెండు మూడు రోజులు. తర్వాత ఇంటికి పంపేస్తారు. ఆ ఇల్లు హైదరాబాద్‌లోనే ఉంటే ఒక తీరు. నంద్యాలలోనో, అక్కడి నుంచి నలభై కిలోమీటర్లు పోతే వచ్చే ఆళ్లగడ్డలోనో ఉంటే ఇంకో తీరు. కోసిన సర్జన్, ఏం తినాలో చెప్పిన డైటీషియన్, ఫోన్ చేస్తే పేరుతో గుర్తుపట్టే నర్సు అందరూ మూడు వందల కిలోమీటర్ల అవతలే ఉండిపోతారు. ఇక్కడికి వచ్చేది మనిషి, మార్చి కుట్టిన పొట్ట, ఇంగ్లిష్‌లో రాసిన డిశ్చార్జి కాగితం, ఒక సంచెడు మాత్రలు.

ఈ ఆపరేషన్ గురించి మనం చదివేదీ చూసేదీ అంతా మొదటి ఏడాది కథే. ముందు ఇలా ఉండేవారు, ఇప్పుడు ఇలా అయ్యారు అని రెండు ఫొటోలు వేస్తారు. ఆ రెండో ఫొటో తీసుకున్న తర్వాత కూడా మనిషి ముప్పై నలభై ఏళ్లు బతకాలి. అప్పటి సంగతి ఎవరూ అడగరు. ఈ ఆపరేషన్ తాలూకు ఇబ్బందుల్లో చాలా వాటికి ఆలస్యంగా వచ్చే గుణం ఉంది. అవి వచ్చేనాటికి ఇంట్లోవాళ్లే కాదు, చేయించుకున్న మనిషి కూడా ఆపరేషన్‌ను మర్చిపోయి ఉంటారు. కాళ్ల తిమ్మిరికీ, ఆరేళ్ల కిందటి కోతకూ సంబంధం ఉంటుందని ఎవరికీ తోచదు. అసలు ప్రమాదం ఆ తోచకపోవడంలోనే ఉంది.

ముందుగా ఒక గందరగోళం తీర్చుకోవాలి. ‘నువ్వు నాకు నచ్చావ్’ నాయిక ఆర్తి అగర్వాల్ 2015 జూన్ 6న అమెరికాలో చనిపోయినప్పుడు, అంతకు కొన్ని వారాల ముందు ఆమె లైపోసక్షన్ చేయించుకున్నారని పత్రికలు రాశాయి. అప్పటి నుంచి మన ఊళ్లలో బరువు ఆపరేషన్ మాట ఎత్తితే చాలు ఆమె పేరు వస్తుంది. లైపోసక్షన్ చర్మం కింది కొవ్వును గొట్టంతో లాగేసే పని. పొట్ట జోలికి, పేగుల జోలికి పోదు. ఇక్కడ మాట్లాడుకునే బేరియాట్రిక్ సర్జరీ వేరు. ఇది తిన్న అన్నం పోయే దారినే మార్చేస్తుంది.

దారి ఎట్లా మారుతుంది?

ఎక్కువగా చేసేవి రెండు రకాలు. స్లీవ్ ఆపరేషన్‌లో పొట్టను ముప్పాతిక వంతుకు పైగా కత్తిరించి బయటికి తీసేస్తారు. సన్నని గొట్టంలాంటి భాగం మిగులుతుంది. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువగా ఊరే చోటు కూడా ఆ తీసేసిన దాంతోపాటే పోతుంది. బైపాస్‌లో పొట్ట పైభాగాన చిన్న సంచి మాత్రం ఉంచి, చిన్నపేగును తెచ్చి దానికి కలుపుతారు. తిన్నది మిగతా పొట్టనూ, చిన్నపేగు మొదటి భాగాన్నీ తాకకుండా కిందికి దిగిపోతుంది. ఇనుము, కాల్షియం బాగా ఒంటపట్టేది ఆ తాకకుండా పోయే భాగంలోనే.

అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ మేసన్ అనే సర్జన్ 1966లో ఈ బైపాస్‌ను మొదలుపెట్టారు. అల్సర్ కోసం పొట్టలో కొంత భాగం తీయించుకున్నవాళ్లు చిక్కిపోయి, తిరిగి లావెక్కకపోవడం గమనించాకే ఆయనకు ఆ ఆలోచన వచ్చింది. ఇది మన పెద్దవాళ్లకు తెలియని సంగతి కాదు. దక్షిణ భారతంలో ఒకప్పుడు పేగు అల్సర్లు చాలా ఎక్కువ. 1970ల్లో, 80ల్లో కడుపు కోయించుకున్న తాతలు మన ఊళ్లలో ఇప్పటికీ కనిపిస్తారు. తియ్యటిది తింటే చెమటలు పట్టడం, గుండె దడ, ఏళ్లు గడిచాక రక్తం తక్కువ కావడం వాళ్లూ పడ్డారు. అల్సర్‌కు మూలం ఒక బ్యాక్టీరియా అని రుజువై, మంచి మాత్రలు వచ్చాక ఆ ఆపరేషన్లు అరుదైపోయాయి. వాటితోపాటే, కోసిన కడుపును ఏళ్ల తరబడి కనిపెట్టుకోవాలన్న అనుభవం కూడా మన ఆసుపత్రుల్లో పలచబడింది. సరిగ్గా ఆ అనుభవమే ఇప్పుడు కావాల్సి వచ్చింది.

సంగటి ముద్ద, భక్ష్యం, చెంబెడు నీళ్లు

ఆసుపత్రిలో ఇచ్చే ఆహార పట్టికలో ఓట్స్, సూప్, పనీర్ ఉంటాయి. నంద్యాల ఇంట్లో ఉండేవి జొన్నరొట్టె, రాగిసంగటి, నాటుకోడి పులుసు, పొద్దున్నే ఉగ్గాని, బజ్జి. వీటిలో ఏది ఎట్లా తినాలో ఆ పట్టిక చెప్పదు. కాబట్టి ఇక్కడ కాస్త వివరంగా చెప్పుకోవాలి.

సంగటిని మనం నమలం. ముద్ద పులుసులో ముంచి గుటుక్కున మింగుతాం. అదే దాని రుచి. స్లీవ్ అయినవాళ్లకు అట్లా మింగిన ముద్ద ఆ సన్నని గొట్టంలో ఇరుక్కుని రొమ్ము కింద పట్టేసినట్టు నొప్పి, నోటినిండా ఊటలు, చివరికి వాంతి. గోలీకాయంత తీసుకుని, నమిలి, మెల్లగా తినాలి. అంతకంటే ముఖ్యం వరస. ముందు కోడి ముక్కో, గుడ్డో, ఉడికించిన ఉలవలో పెసలో తినాలి. సంగటి ఆ తర్వాతే. రోజుకు కనీసం 60 గ్రాముల ప్రొటీన్ అందాలంటారు. చిన్న పొట్టలో ముందు పిండి పదార్థం నింపేస్తే ప్రొటీన్‌కు చోటుండదు. కండ కరిగిపోతుంది. ఆపరేషన్ అయిన మూడు నుంచి ఆరు నెలల మధ్య జుట్టు కుచ్చులుగా రాలడం చూసి ఆడవాళ్లు హడలిపోతారు. అది చాలావరకు తిరిగి వస్తుంది. కానీ ప్రొటీన్, ఇనుము అందకపోతే రాలడం ఆగదు.

ఉగాదికి భక్ష్యాలు చేస్తాం. బైపాస్ అయిన మనిషి రెండు భక్ష్యాలు నెయ్యేసుకుని తింటే, ఆ బెల్లమంతా పొట్టలో ఆగకుండా నేరుగా పేగులోకి జారుతుంది. అరగంటలోపే కడుపులో మెలి, దడ, విరేచనం. దీన్ని డంపింగ్ అంటారు. రెండో రకం ఇంకా మోసం చేస్తుంది. తిన్న గంట నుంచి మూడు గంటల మధ్య, ఒంట్లో ఇన్సులిన్ ఎగబాకి షుగర్ ఒక్కసారిగా పడిపోతుంది. చేతులు వణుకుతాయి, కళ్లు బైర్లు కమ్ముతాయి. బైపాస్‌తో షుగర్ జబ్బు తగ్గిందని మాత్రలు ఆపేసిన మనిషికి ఇప్పుడు షుగర్ డౌన్ కావడమేమిటని ఇంట్లో ఎవరూ నమ్మరు. నంద్యాలలో ముస్లిం కుటుంబాలు ఎక్కువ. రోజంతా ఉపవాసం ఉండి ఇఫ్తార్‌లో ఖర్జూరాలు, షర్బత్‌తో మొదలుపెట్టే అలవాటు ఈ పొట్టకు సరిపడదు. రోజా ఉండొచ్చా, ఎప్పటి నుంచి ఉండొచ్చు అన్నది డాక్టర్‌తో రంజాన్ నెలకు ముందే మాట్లాడుకోవాలి.

ఇక నీళ్లు. వేసవిలో రాష్ట్రంలోకెల్లా ఎక్కువ ఎండ నమోదయ్యే ఊళ్లలో నంద్యాల ఒకటి. ఎండన పడి వచ్చినవాళ్లు చెంబెడు నీళ్లు గటగటా తాగుతారు. చిన్నదైన పొట్టకు అది చేతకాదు. అన్నంతోపాటు నీళ్లు తాగొద్దు, తిన్నాక అరగంట ఆగాలి అన్న నియమం ఒకటి. అన్నీ కలిసి రోజు మొత్తం మీద తాగే నీళ్లు తగ్గిపోతాయి. బైపాస్ అయినవాళ్లకు మామూలుగానే మూత్రపిండాల్లో రాళ్ల ముప్పు ఎక్కువ. మే నెలలో ఆ ముప్పు రెట్టింపు అనుకుని జాగ్రత్త పడాలి. పక్కన సీసా పెట్టుకుని, దాహం వేసేదాకా ఆగకుండా, పది నిమిషాలకో గుక్క తాగడం తప్ప వేరే దారి లేదు.

మూడేళ్లకు మొదలయ్యే తిమ్మిరి

బీ12 విటమిన్ ఒంటపట్టాలంటే పొట్టలో ఊరే ఆమ్లం, అక్కడే తయారయ్యే ఒక ప్రొటీన్ కావాలి. పొట్ట తీసేస్తేనో, పక్కకు తప్పిస్తేనో రెండూ తగ్గుతాయి. అయితే కాలేయంలో బీ12 నిల్వ ఏళ్లకు సరిపడా ఉంటుంది. అందుకే మొదటి ఏడాది పరీక్షలో ఏ తేడా కనిపించకపోవచ్చు. అంతా బాగుందని మాత్రలు మానేస్తారు. నిల్వ అడుగంటేది మూడో ఏడో, నాలుగో ఏడో. అరికాళ్లలో తిమ్మిరి, నడకలో తూలు, నాలుక మంట, మతిమరుపు మొదలవుతాయి. అప్పటికీ పట్టించుకోకపోతే నరాలకు జరిగిన నష్టం పూర్తిగా పూడదు. షుగర్‌కు వాడే మెట్‌ఫార్మిన్, రోజూ పొద్దున్నే వేసుకునే గ్యాస్ మాత్ర కూడా బీ12ను తగ్గిస్తాయి. ఈ మూడూ కలిసినవాళ్లు మన చుట్టూ తక్కువేమీ కాదు.

ఇనుము సంగతి ఇంకా కష్టం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఆంధ్రప్రదేశ్ మహిళల గురించి రెండు విషయాలు చెప్పింది. 15-49 ఏళ్ల వాళ్లలో మూడో వంతుకు పైగా ఉండాల్సిన దానికంటే ఎక్కువ బరువున్నారు. అదే వయసు వాళ్లలో దాదాపు 59 శాతం మందికి రక్తహీనత. ఈ రెండు గుంపులు వేర్వేరు కావు, ఒకే ఇంట్లో ఒకే మనిషి రెండింటిలోనూ ఉండొచ్చు. అంటే మన ఆడవాళ్లలో చాలామంది రక్తం తక్కువతోనే ఆపరేషన్ బల్ల ఎక్కుతారు. ఆ తర్వాత ఇనుము ఒంటపట్టే దారి కూడా మూసుకుపోతుంది. పైగా మాత్రను టీతో వేసుకోవడం మన అలవాటు. టీ ఇనుమును అడ్డుకుంటుంది. కాల్షియం కూడా అడ్డే, రెండింటికీ మధ్య కనీసం రెండు గంటలు ఎడం ఉండాలి. కాల్షియం మాత్రల్లోనూ సిట్రేట్ రకం ఈ పొట్టకు మేలు, ఎందుకంటే కార్బొనేట్ కరగడానికి కావాల్సిన ఆమ్లం ఇక్కడ చాలదు. కాల్షియం, డి విటమిన్ ఏళ్ల తరబడి చాలకపోతే ఎముకలు గుల్లబారతాయి. అది బయటపడేది జారిపడి తుంటి విరిగిన రోజున.

గ్లూకోజ్ సీసా, నొప్పుల మాత్ర

ఈ కథనంలో ఒక్క విషయమే గుర్తుపెట్టుకోవాలంటే, ఇదే గుర్తుపెట్టుకోండి.

ఆపరేషన్ అయిన మనిషికి ఏ కారణం చేతనో రెండు మూడు వారాలు వాంతులు పట్టుకున్నాయనుకుందాం. నీరసంతో లేవలేని స్థితి. మన ఊళ్లో ఏం చేస్తారు? ఆర్‌ఎంపీని పిలిపించి సీసా పెట్టిస్తారు. గ్లూకోజ్ ఎక్కితే తేరుకుంటారని మన నమ్మకం. కానీ బీ1 విటమిన్, అంటే థయామిన్, ఒంట్లో నిల్వ ఉండేది రెండు మూడు వారాలకే. వాంతులతో అది అయిపోయిన మనిషికి ఉత్త గ్లూకోజ్ ఎక్కిస్తే, ఆ గ్లూకోజ్‌ను వాడుకోవడానికి మిగిలిన కాస్త థయామిన్ కూడా ఖర్చయిపోతుంది. మెదడు దెబ్బతింటుంది. కనుగుడ్లు అదురుతాయి, ఒకటి రెండుగా కనిపిస్తుంది, నడక తూలుతుంది, మనిషి అయోమయంలో పడతారు. దీనికి వెర్నికీ ఎన్‌సెఫలోపతీ అని పేరు. వెంటనే గుర్తిస్తే ఇంజెక్షన్‌తో చాలావరకు తప్పించొచ్చు. ఆలస్యమైతే జ్ఞాపకశక్తి శాశ్వతంగా పోవచ్చు. థయామిన్ ఇంజెక్షన్ ఖరీదైనది కాదు, అరుదైనదీ కాదు. గ్లూకోజ్ కంటే ముందు అది పడాలి, అంతే. ఈ మాట సీసా పెట్టే మనిషికి తెలిసి ఉండాలి, లేదా పెట్టించుకునే మనిషికి తెలిసి ఉండాలి. ఇద్దరికీ తెలియని ఊళ్లో ఒక సాయంత్రం ఎంత నష్టం జరగొచ్చో ఊహించడానికే భయం వేస్తుంది.

రెండో ముప్పు మందుల షాపులో ఎదురవుతుంది. ఆరేళ్ల కిందట బైపాస్ అయిన ఒకావిడ ఆళ్లగడ్డలో ఉన్నారనుకోండి. మోకాళ్లు సలుపుతున్నాయి.

“అన్నా, మోకాళ్లు ఒకటే లాగుతాండాయి. ఏమన్నా మాత్ర ఇయ్యి.”

“రెండు పూటలా ఏస్కోక్కా, తగ్గిపోతాది.”

ఆ మాత్ర డైక్లోఫెనాక్ కావచ్చు, ఎసిక్లోఫెనాక్ కావచ్చు, ఐబూప్రొఫెన్ కావచ్చు. బైపాస్‌లో పొట్ట సంచికీ పేగుకూ వేసిన అతుకు దగ్గర ఇవి పుండు పుట్టిస్తాయి. ఆ పుండు నుంచి రక్తం కారొచ్చు, చిల్లి పడొచ్చు. పొగ తాగేవాళ్లకు ముప్పు ఇంకా ఎక్కువ. పారాసెటమాల్ ఫరవాలేదు. షాపతన్ని తప్పుపట్టి లాభం లేదు. ఆమెకు బైపాస్ అయిందని ఆమె చెప్పలేదు, అతను అడగలేదు.

బైపాస్ అయ్యాక ఎన్నేళ్లకైనా, తిన్న తర్వాత ఉన్నట్టుండి కడుపులో మెలితిప్పే నొప్పి వస్తే దాన్ని గ్యాస్ అనుకోకూడదు. బరువు తగ్గినప్పుడు లోపలి కొవ్వు కరిగి, కుట్టిన పేగుల మధ్య సందులు పడతాయి. ఆ సందులో పేగు దూరి బిగుసుకోవచ్చు. అల్ట్రాసౌండ్‌లో ఇది దొరక్కపోవచ్చు, సీటీ స్కాన్, పేగుల ఆపరేషన్ చేయగల సర్జన్ కావాలి. అర్ధరాత్రి ఆళ్లగడ్డలో ఇది వస్తే, తెల్లారేదాకా చూద్దామనడానికి లేదు. నంద్యాలకో, అవసరమైతే కర్నూలు పెద్దాసుపత్రికో అప్పుడే బయలుదేరాలి.

ఎవరికీ చెప్పొద్దు

“ఏమ్మా, ఇట్ల చిక్కిపోయినావే, ఒంట్లో బాగలేదా?” పెళ్లిలో పెద్దమ్మ అడుగుతుంది. జవాబు ముందే తయారుగా ఉంటుంది. “వాకింగ్ చేస్తాండా పెద్దమ్మా, రాత్రిపూట అన్నం మానేసినా.” పెళ్లి కావాల్సిన పిల్లయితే ఆపరేషన్ మాట బయటికి పొక్కకుండా ఇల్లంతా కాపలా కాస్తుంది. పెళ్లయ్యాక అత్తింట్లో కొసరి కొసరి వడ్డిస్తారు, వద్దంటే మర్యాద తప్పినట్టు. తిని, పెరట్లోకి పోయి కక్కుకునే వాళ్లుంటారు. ఆ పిల్లకు నెల తప్పితే డాక్టరమ్మ గ్లూకోజ్ తాగించి షుగర్ పరీక్ష చేయిస్తుంది. బైపాస్ అయినవాళ్లకు అది డంపింగ్ తెప్పిస్తుంది, వేరే పద్ధతిలో పరీక్ష చేయాలి. ఆపరేషన్ అయిన ఏడాది నుంచి ఏడాదిన్నర దాకా గర్భం రాకుండా చూసుకోమంటారు. గర్భిణికి ఇనుము, బీ12, ఫోలిక్ యాసిడ్ మామూలు కంటే గట్టిగా కనిపెట్టాలి. దాచిపెడితే ఇవేవీ జరగవు.

దాచడం తప్పని నేను అనలేను. లావుగా ఉన్నంతకాలం ఎగతాళి చేసిన ఊరే, ఆపరేషన్ చేయించుకుంటే కష్టపడకుండా అడ్డదారి తొక్కిందంటుంది. ఆకలి హార్మోన్లతో ఏళ్ల తరబడి పోట్లాడి ఓడినవాళ్లు చివరగా ఎంచుకునే దారి ఇది. సిగ్గుపడాల్సిన పని ఇందులో ఏమీ లేదు. ఊరికి చెప్పకపోయినా సరే. డాక్టర్‌కు, మందుల షాపులో, ఇంట్లో కనీసం ఇద్దరికి చెప్పి తీరాలి.

లాభమెంత, ఎన్నాళ్లు?

స్వీడన్‌లో 1987లో మొదలైన ఒక పెద్ద అధ్యయనం ఆపరేషన్ అయిన రెండు వేల మందిని, కానివాళ్లు మరో రెండు వేల మందిని దశాబ్దాలపాటు వెంట ఉండి చూసింది. ముందే షుగర్ ఉన్నవాళ్లలో 72 శాతం మందికి రెండేళ్ల నాటికి అది లేకుండా పోయింది. పదేళ్లకు ఆ సంఖ్య 36 శాతానికి దిగింది. బైపాస్ అయినవాళ్లు మొదటి ఒకటి రెండేళ్లలో బరువులో 32 శాతం తగ్గి, పదేళ్లకు 25 శాతం దగ్గర నిలబడ్డారు. 2020లో వెలువడిన లెక్క ప్రకారం, ఆపరేషన్ అయినవాళ్లు అంతే లావుండి చేయించుకోనివాళ్ల కంటే సుమారు మూడేళ్లు ఎక్కువ బతికారు.

ఈ అంకెల్ని నేను ఆశతోనే చదువుతాను. మోకాళ్లు అరిగి మెట్టు ఎక్కలేని మనిషి, నిద్రలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేచే మనిషి, ఈ ఆపరేషన్‌తో అహోబిలం కొండ ఎక్కగలిగితే అది చిన్న సంగతి కాదు. అయితే కొంత బరువు తిరిగి రావడం ఆ శరీరం నైజం. అది చేయించుకున్న మనిషి తప్పు కాదు. అయిదో ఏట ఎనిమిది కిలోలు పెరిగితే సిగ్గుపడి డాక్టర్ దగ్గరికి పోవడం మానేస్తారు. సరిగ్గా అప్పుడే పోవాలి. షుగర్ కూడా తిరిగి రావొచ్చు కాబట్టి ఏటా పరీక్ష ఆపకూడదు. ఇప్పుడు కొత్తగా బరువు తగ్గించే ఇంజెక్షన్లు వచ్చాయి. మౌంజారో, వెగోవీ 2025లో మన దేశంలో అమ్మకానికి దిగాయి. ఆపేస్తే వాటితో తగ్గిన బరువూ చాలావరకు వెనక్కి వస్తుంది.

మనసు గురించి మన డాక్టర్లు అంతగా మాట్లాడరు. కెనడాలోని ఒంటారియోలో ఆపరేషన్ అయినవాళ్లను ముందూ తర్వాతా పోల్చి చూస్తే, తమకు తామే హాని చేసుకుని ఆసుపత్రికి వచ్చిన సందర్భాలు దాదాపు సగం పెరిగాయని తేలింది. అమెరికాలో మరో అధ్యయనం, ఆపరేషన్ తర్వాత రెండో ఏట మద్యం వ్యసనం పెరగడాన్ని చూపింది. బైపాస్ తర్వాత మద్యం ఆగకుండా పేగులోకి పోయి వెంటనే తలకెక్కుతుంది. దుఃఖం వచ్చినా, సంతోషం వచ్చినా తినడమే ఓదార్పుగా బతికినవాళ్లకు ఆ ఓదార్పు ఒక్కరోజులో పోతుంది. దాని స్థానంలో ఏదో ఒకటి వచ్చి కూర్చుంటుంది. అది మద్యం సీసా కాకుండా చూసుకోవడానికి ఇంట్లోవాళ్ల తోడు కావాలి. వేలాడే చర్మం చూసుకుని అద్దం ముందు నిలబడలేనివాళ్లూ ఉన్నారు. ఆ చర్మం తీయించుకోవడాన్ని బీమా సంస్థలు అందం కోసం చేసేదిగా లెక్కగట్టి డబ్బివ్వవు.

ఆపరేషన్‌కైతే బీమా వస్తుంది. బీమా నియంత్రణ సంస్థ 2019లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం బీఎంఐ (ఎత్తును బట్టి బరువును కొలిచే లెక్క) 40 దాటినా, 35 దాటి అదుపులో లేని షుగర్, గుండెజబ్బు, తీవ్రమైన స్లీప్ యాప్నియా వంటివి ఉన్నా, మిగతా పద్ధతులు ఫలించనప్పుడు కంపెనీలు ఆ ఖర్చును తోసిపుచ్చకూడదు. కానీ ఆ తర్వాత జీవితాంతం కొనే మాత్రలు, ఏటా చేయించే రక్త పరీక్షలు ఎక్కువ పాలసీల్లోకి రావు. ఆ ఖర్చు ఇంటిదే. ఆపరేషన్‌కు లక్షలు సమకూర్చుకునే రోజునే, నెలనెలా అయ్యే ఈ ఖర్చు కూడా లెక్క వేసుకోవాలి.

ఇక సర్కారు వైద్యం సంగతి. హైదరాబాద్ ఉస్మానియా జనరల్ ఆసుపత్రిలో 240 కిలోల యువకుడికి ఈ ఆపరేషన్ చేశారు. ప్రభుత్వ ఆసుపత్రులకు చేతకాని పని కాదని అది చూపింది. నంద్యాల 2022 ఏప్రిల్‌లో జిల్లా అయింది, 2023లో ఇక్కడ ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. ఇక్కడ ఆపరేషన్లు చేయమని ఎవరూ అడగడం లేదు. ఎక్కడో చేయించుకుని వచ్చినవాళ్ల కోసం నెలకో పూట ఓపీ పెట్టమని అడగొచ్చు. రక్తంలో హిమోగ్లోబిన్, ఫెరిటిన్, బీ12, డి విటమిన్, కాల్షియం, పారాథైరాయిడ్ హార్మోన్, ఆల్బుమిన్, మూడు నెలల షుగర్ చూడాలి. మొదటి ఏడాది కొన్నిసార్లు, ఆ తర్వాత ఏటా ఒకసారి చాలు. ఇక్కడ చేయలేని పరీక్ష ఉంటే ల్యాబువాళ్లే నమూనాను హైదరాబాద్‌కు పంపుతారు.

అప్పటిదాకా ఎవరికి వారు చేసుకోగలిగింది ఒకటుంది. ఆధార్ కార్డు పక్కన పట్టేంత అట్ట ముక్క మీద తెలుగులో ఇంత రాసి పర్సులో పెట్టుకోండి: నాకు ఫలానా తేదీన స్లీవ్ లేదా బైపాస్ అయింది. సర్జన్ ఫోన్ నంబర్ ఇది. పారాసెటమాల్ తప్ప నొప్పుల మాత్రలు, సూదులు ఇవ్వొద్దు. వాంతులతో వస్తే ముందు థయామిన్, ఆ తర్వాతే గ్లూకోజ్. కడుపునొప్పి తీవ్రంగా ఉంటే సీటీ స్కాన్ తీయించి సర్జన్‌కు చూపించండి. దాన్నే ఇంకో అట్ట మీద రాసి ఇంట్లోవాళ్లకు ఇవ్వండి, మూడోది మీరు రోజూ మందులు కొనే షాపులో ఇవ్వండి.